తాగి రోడ్డు మీద గొడవ చేస్తే చీపురు పట్టించాలా? ఎంపీలు దీని మీద ఏం చర్చించారసలు?

చిక్కడపల్లి శీను:
మా బస్టాప్ దగ్గర చీకటి పడితే ఆడవాళ్లు నిలబడలేకపోతున్నారు. పక్కనే వైన్స్, దానికి పర్మిట్ రూమ్ కూడా ఉంది, అయినా సగం మంది ఫుట్‌పాత్ మీదే కానిస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 355 సెక్షన్ కింద ఇలాంటి వాళ్లకి సమాజ సేవ శిక్ష వేయొచ్చు. చీపురు చేతికిచ్చి నాలుగు రోజులు ఊడిపిస్తే సిగ్గొస్తుంది. మంచి చట్టం అంటాను. మీరేమంటారు?

ఉప్పల్ రింగ్:
సూపర్. మా ఏరియాతో మొదలుపెట్టండి.

కోర్టు పక్షి:
శీను గారూ, తాగి కనబడితేనే నేరం కాదు. బహిరంగ స్థలంలో ఇంకొకరికి ఇబ్బంది కలిగేలా ప్రవర్తించాలి. పాత ఐపీసీలో ఇదే 510 సెక్షన్, 24 గంటల దాకా జైలు లేదా పది రూపాయల దాకా జరిమానా. అవును, పదే. ఇప్పుడు జరిమానా వెయ్యి దాకా పెంచి, సమాజ సేవ కలిపారు.
చర్చ సంగతంటారా, 2023 ఆగస్టు 11న బిల్లు పెట్టి హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి (బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీ) పంపారు. అప్పట్లో బ్రిజ్ లాల్ దాని అధ్యక్షుడు. ఈ సేవ ఏ రకం పని, ఎంత కాలం అన్నది స్పష్టంగా రాయమని ఆ సంఘం చెప్పింది. డిసెంబర్‌లో బిల్లులు మళ్లీ కొత్తగా వచ్చినప్పుడు దీంతో పాటే వచ్చిన నాగరిక సురక్షా సంహిత (కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 23వ సెక్షన్ కింద ఒక వివరణ చేర్చారు: కోర్టు చేయమన్న పని, సమాజానికి పనికొచ్చేది, డబ్బులివ్వరు. ఎన్ని గంటలో మాత్రం రాయలేదు. డిసెంబర్ 20న లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది, అప్పటికి ప్రతిపక్ష సభ్యులు వందకు దగ్గరగా సస్పెన్షన్‌లో ఉన్నారు. మర్నాడు రాజ్యసభ. గంటల సంగతి గట్టిగా అడగాల్సిన వాళ్లు చాలామంది బయటే ఉన్నారు.

చిక్కడపల్లి శీను:
పది రూపాయలా! అందుకే ఎవడికీ భయం లేదు. ఇన్నేళ్లూ ఒక్క ఎంపీకీ ఇది కనబడలేదంటే వీళ్లు సభకి ఎందుకు పోతారో.

నల్లకుంట తాతయ్య:
1860లో రాసినప్పుడు పది రూపాయలు చిన్న మొత్తం కాదు నాయనా. తర్వాత మార్చకపోవడం తప్పు, రాసినవాళ్లది కాదు.

చిక్కడపల్లి శీను:
తాతయ్యా, నేనన్నదీ అదే కదా, మార్చలేదని.

నల్లకుంట తాతయ్య:
నువ్వు అలా అనలేదు. పైకెళ్లి చదువుకో.

కోర్టు పక్షి:
అందరూ నోరు మూసుకోలేదు కూడా. మన హైదరాబాద్ ఎంపీ ఒవైసీ ఆ డిసెంబర్ 20న సభలోనే ఉండి బిల్లుల్ని వ్యతిరేకిస్తూ మాట్లాడారు. నచ్చినా నచ్చకపోయినా రికార్డులో ఉంది.

గణేష్ భక్త:
డీజేల సంగతెవరూ ఎత్తరేం? 2024 అక్టోబర్‌లో ఊరేగింపుల్లో డీజేలు వద్దని సిటీ పోలీసులే ఆపేశారు, దానికి పార్లమెంటు కావాల్సి వచ్చిందా?

యూసుఫ్‌గూడ రమణ:
డీజేలు తర్వాత చూద్దాం. శీనన్నా, మా తమ్ముడు సెంట్రింగ్ పని చేస్తాడు. ఓ రాత్రి తాగి రోడ్డు మీద అరిచాడు, పోలీసులు పట్టుకుంటే కోర్టు ఓ ఆసుపత్రిలో ఊడవమంది. ఊడ్చాడు, దానికి మేమేం అనలేదు. అక్కడెవడో వీడియో తీసి గ్రూపుల్లో తిప్పాడు, కుదిరిన సంబంధం పోయింది. వీడియో తీయమని ఏ సెక్షన్‌లో ఉందో చెప్పు. కోర్టు వేసింది పని. ఊళ్లోవాళ్లు వేసింది ఇంకోటి.

చిక్కడపల్లి శీను:
బాధగానే ఉంది కానీ తాగి అరిచింది మీ తమ్ముడే కదా. సిగ్గనిపించకపోతే ఇక శిక్షెందుకు?

సుజాత, మల్కాజిగిరి:
రమణ గారూ, మీ తమ్ముడికి ఒక్కసారి జరిగింది. మా అమ్మాయి కాలేజీ బస్సు దిగి రోజూ ఆ మాటలు వింటూ ఇంటికొస్తుంది. ఆ పిల్ల గురించి ఏ గ్రూపులోనూ జాలి కనబడదు. పెళ్లి సంబంధం పోయిందంటే అందరికీ అయ్యో అనిపిస్తుంది. ఆడపిల్ల రూటు మార్చుకుని రెండు వీధులు ఎక్కువ నడిస్తే మాత్రం అది వార్త కాదు. వీడియో తీయడం తప్పే, తీసినవాడి మీద కేసు పెట్టండి. శిక్షే వద్దనకండి.

యూసుఫ్‌గూడ రమణ:
అక్కా, శిక్ష వద్దని నేనెక్కడన్నాను? మరి పబ్బులో తాగి కారెక్కేవాడి చేతికి చీపురెప్పుడు ఇస్తారు? ఇంట్లో రూముంటే తాగుడు పర్సనల్, రూము లేకపోతే న్యూసెన్సు. అంతేనా?

కోర్టు పక్షి:
కారు నడిపితే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. దీనికంటే అది గట్టిది. ఆ పోలిక ఇక్కడ నిలబడదు.

యూసుఫ్‌గూడ రమణ:
కాగితం మీద గట్టిదే సార్. పది వేలు కట్టి పోయేవాడికీ, ఓ రోజు కూలి పోతే పొయ్యి వెలగనివాడికీ తేడా మీ సెక్షన్లో లేదు.

చిక్కడపల్లి శీను:
ఇదిగో, ప్రతిదానికీ పేద, పేద అనుకుంటూ రోడ్డంతా వదిలేయమంటారు! ఇరవై ఏళ్లుగా ట్యాక్స్ కడుతున్నాం మేము. అసలు ఆ లేబర్ అడ్డా మా బస్టాప్ దగ్గర ఉండటమే తప్పు. పొద్దున గుంపు, సాయంత్రం మందు. తీసేయమని అసోసియేషన్ తరఫున రెండుసార్లు లెటర్ ఇచ్చాం, ఎవడూ పట్టించుకోలేదు. కనీసం ఈ చట్టంతోనైనా వాళ్లు అక్కడ నిలబడటం మానేస్తారేమో అని చూస్తుంటే, నువ్వొచ్చి చీపురు, వీడియో అంటావ్.

సుజాత, మల్కాజిగిరి:
శీను గారూ, ఆగండి. నేను తాగి వాగేవాళ్ల గురించి రాశాను, అడ్డా గురించి కాదు. మా ఇంటి గోడ కట్టిన మేస్త్రీ అలాంటి అడ్డా మీద నుంచే వచ్చాడు. ఆ లెటర్‌కి నా కూతుర్ని సాక్ష్యంగా తేవద్దు.

కోర్టు పక్షి:
పని కోసం రోడ్డు పక్కన నిలబడటం 355 కిందకి రాదు, ముందే చెప్తున్నా.

యూసుఫ్‌గూడ రమణ:
ఇప్పటికి బయటపడింది. అన్నా, ఆ లెటర్‌లో వైన్స్ తీసేయమని కూడా రాశారా?

చిక్కడపల్లి శీను:
దానికి లైసెన్స్ ఉంది. గవర్నమెంటే ఇచ్చింది. లైసెన్స్ ఉన్నదాన్ని మేమేం చేస్తాం?

ఉప్పల్ రింగ్:
ఇంతకీ ఆ వైన్స్ ఎన్నింటికి మూస్తారు భాయ్?