ఆన్‌లైన్ చర్చలకు కాపలా కాసే మోడరేటర్లకు డబ్బు ఇవ్వాలా, వద్దా?

గోదారిగట్టు:
జీతం లేకుండా పెద్ద పెద్ద చర్చా గ్రూపులను నడిపే మోడరేటర్లకు కంపెనీలు డబ్బు ఇవ్వాల్సిందే అని నా వాదన. వేలాది చర్చా గ్రూపులున్న అమెరికా వెబ్‌సైట్ రెడ్డిట్ సంగతే చూడండి. 2020లో అక్కడి మోడరేటర్లంతా కలిసి రోజుకు కనీసం 466 గంటలు పని చేశారని, కూలి కట్టిస్తే ఏడాదికి 34 లక్షల డాలర్లు అవుతుందని 2022లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తేల్చారు. కంపెనీ 2019 ఆదాయంలో అది 2.8 శాతమే. 2024 మార్చిలో ఒక్కో షేరు 34 డాలర్లకు మార్కెట్‌కి వచ్చినప్పుడు మోడరేటర్లకు దక్కిందల్లా అదే ధరకు సొంత డబ్బుతో షేర్లు కొనుక్కునే అవకాశం. చాకిరీ వీళ్లది, లాభం వాళ్లది. ఇదెక్కడి న్యాయం?

నల్లగొండ_పోరడు:
అన్నా, ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా, ఇష్టముండే చేస్తున్నారు. జీతం తీసుకున్న రోజు నుంచి వాళ్లు మనవాళ్లు కారు, కంపెనీ మనుషులు. రెడ్డిట్‌ను చూపించే బయటివాళ్ల యాప్‌ల మీద కంపెనీ చార్జీలు వేసిందని 2023 జూన్‌లో 8 వేలకు పైగా గ్రూపులు మూసేసి నిరసన చెప్పారు, జీతగాళ్లయితే అంత ధైర్యం చేసేవాళ్లా? పైగా అందరూ మంచివాళ్లేం కాదు. నన్నొక గ్రూపులోంచి తీసేశారు, కారణం అడిగితే ఈరోజుకీ జవాబు లేదు. వాళ్లను పొగడమంటే నాకు మనసొప్పదు.

గోదారిగట్టు:
ఆ నిరసన చివరికి ఏమైంది తమ్ముడూ? గ్రూపులు తెరవకపోతే మీ స్థానంలో వేరేవాళ్లను పెడతామని కంపెనీ హెచ్చరించింది. చాలామంది తెరిచేశారు. జీతం లేని మనిషిని తీసెయ్యడం ఇంకా తేలిక.

విశాఖ_వనజ:
నేను ఒక తెలుగు గ్రూపులో చాలా కాలంగా ఈ పని చేస్తున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఆటోమేటిక్ ఫిల్టర్లు ఉన్నాయి కదా అంటారు, కానీ మనవాళ్లు తెలుగు బూతును ఇంగ్లిష్ అక్షరాల్లో పది రకాల స్పెల్లింగులతో రాస్తారు, మధ్యలో ఒక చుక్కో అంకో పెడతారు, ఒకటి బ్లాక్ చేస్తే రెండోది వస్తుంది. ఆఖరికి మనిషే కూర్చుని చదవాలి. సినిమా రిలీజ్ రోజు అభిమానుల గొడవ కులం దాకా పోతుంది, ఎన్నికల ముందయితే చెప్పనక్కర్లేదు. ఒకసారి అర్ధరాత్రి ఒకతను ఎవరో అమ్మాయి ఫోటో, ఫోన్ నంబరు కలిపి పెట్టాడు. నేను తీసేసేలోపే కొందరు ఆ నంబరుకు ఫోన్లు చేయడం మొదలుపెట్టేశారు. అతన్ని బ్లాక్ చేస్తే కొత్త అకౌంటుతో వచ్చి మా పిల్లల గురించి రాశాడు. ఆ పోస్టు ఇప్పుడు లేదు కాబట్టి మిగతా సభ్యులకు అలాంటిది జరిగినట్టే తెలీదు, తెల్లారి లేచి "గ్రూపు ప్రశాంతంగా ఉంది, మోడరేటర్లకు పనేముంది" అని రాస్తారు. నేను అడిగేది డబ్బు కాదండీ. రాత్రి పూట ఇంకో మనిషి తోడు కావాలి, బెదిరింపు వస్తే కంపెనీ వెంటనే స్పందించాలి, చెడ్డ పోస్టు కనిపిస్తే నవ్వుకుంటూ షేర్ చెయ్యకుండా సభ్యులు రిపోర్ట్ కొట్టాలి.

బెజవాడ_బాబాయ్:
వనజ గారి మాటతో ఏకీభవిస్తాను, కాకపోతే కంపెనీలను అంత తేలిగ్గా వదలకూడదు. ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ తన చర్చలను చూసుకునే వాలంటీర్లకు చవకగా నెట్ కనెక్షన్ ఇచ్చి షిఫ్టులు వేసింది, పనిచేసిన గంటలు రాయించుకుంది. ఇది ఉద్యోగమే కదా అని 1999లో వాళ్లు కోర్టుకెక్కారు, 2010లో కోటీ యాభై లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. గంటలు లెక్క అడిగితే జీతం ఇవ్వాలి, ఇవ్వలేకపోతే గంటలు అడగకూడదు. మన దగ్గర సమస్య వేరే, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ అంటేనే కేసు భయం. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుడిని చెయ్యలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయినా గొడవ జరిగితే జనం ముందు అడ్మిన్ మీదే పడతారు.

నల్లగొండ_పోరడు:
వనజక్కా, మీ పిల్లల మీద రాసినవాడిది దుర్మార్గం, దానికి రెండో మాట లేదు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఒకరిని తీసేసినప్పుడు కారణం ఒక్క వాక్యంలో అందరికీ కనబడేలా రాస్తే మీకేం పోతుంది?

విశాఖ_వనజ:
ఏం పోదు తమ్ముడూ, రాయాలి కూడా. మా గ్రూపులో రాస్తున్నాం. ఆ అమ్మాయి ఫోటో లాంటి విషయాల్లో మాత్రం వివరాలు రాయం, రాస్తే జనం మళ్లీ ఆమెనే వెతుకుతారు. "వ్యక్తిగత వివరాలు పెట్టినందుకు" అని ఆపేస్తాం. నిన్ను ఊరికే తీసేసి ఉంటే అది తప్పే. ఇలా అడిగే మనిషి మోడరేటర్ల జట్టులో ఒకడు ఉండాలని నా కోరిక, శనివారం రాత్రులు చూడటానికి మాకు మనిషి లేడు. వస్తావా?