చూడ చూడ … జాడ వేరు: మూడో గణంలో మాట ఏది?

గోదారిగట్టు:
మూడు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. ఇంటర్ రెండో ఏడు విస్తరణ కొలతల (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో కొలిచే) పాఠంలో మా లెక్కల మాస్టారు బోర్డు మీద రెండు వరుసల మార్కులు రాశారు. రెండింటికీ సగటు 50. సుద్దముక్కతో కింద గీత గీసి వేమన పద్యం అందుకున్నారు. ‘ఉప్పు కప్పురంబు’ అలాగే ఉంచి, రెండో పాదంలో ‘రుచుల’ తీసేసి లెక్కల మాట పెట్టారు. ‘చూడ చూడ విస్తృతి జాడ వేరు’ అన్నారా? వేరే మాటా?

ఆటవెలదిప్రియ:
విస్తృతి కానే కాదండీ. అది భగణం అనే అక్షరాల గుంపు: ఒక గురువు (బరువుగా పలికే అక్షరం), రెండు లఘువులు (తేలికైనవి). ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. రుచుల స్థానంలో ఆ రకానివే, నగణమో (మూడు లఘువులు) హగణమో (గురువు, లఘువు) పడాలి. ‘వ్యాప్తి’ అని ఉంటారు. హగణం, చక్కగా కూర్చుంటుంది.

పాలమూరు:
కూర్చోదు సార్. ‘చూడ వ్యాప్తి’లో ‘వ్యా’ సంయుక్తం, రెండు హల్లుల కలయిక; సంయుక్తం ముందక్షరం గురువవుతుందని నియమం. దాని ముందున్న ‘డ’ గురువైతే ‘చూడ’ రెండు గురువులవుతుంది, సూర్యగణం పోయినట్టే. నా ఓటు ‘చెదురు’కి.

ఆటవెలదిప్రియ:
‘డ’ ఎందుకు గురువవుతుంది? ‘చూడ’ తెలుగు మాట, విడి పదం. సమాసమైతే మీరన్నది ఒప్పుకుంటాను. ఇక్కడ తేల్చి పలికితే లఘువే. పైగా ‘చెదురు’ క్రియ, నామవాచకం కాదు.

పాలమూరు:
క్రియ అయితేనే మంచిది. ‘పారు నీరు’ అనమా? అలాగే ‘చెదురు జాడ’. స్వభావాన్ని చెప్పే తద్ధర్మార్థక విశేషణం. సగటు నుంచి చెదరడమే గదా ఆ పాఠమంతా!

లెక్కలటీచర్:
ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను. ఛందస్సు కన్నా ముందు ఆ అంకెలు కావాలి. వ్యాప్తి అంటే గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేయడమే. మధ్యలో ఏం జరిగినా దానికి పట్టదు. ఆ రెండు వరుసలు గుర్తున్నాయా?

గోదారిగట్టు:
రెండూ 10తో మొదలై 90తో ముగిశాయి. ఒకదాని మధ్యలో అన్నీ 50లే, అది బాగా గుర్తు. వరుసకి అయిదు అంకెలు.

లెక్కలటీచర్:
అయితే ఇలా ఉండి ఉంటాయి: 10, 50, 50, 50, 90. రెండోది 10, 10, 50, 90, 90. సగటు రెండింటికీ 50, వ్యాప్తి రెండింటికీ 80. విచలనాల (ఒక్కో అంకెకీ సగటుకీ ఉన్న తేడాల) వర్గాలు కూడి 5తో భాగిస్తే మొదటి దానికి 640, రెండో దానికి 1280. వర్గమూలం తీస్తే సుమారు 25.3, 35.8. అంటే వేరుగా ఉన్నది వ్యాప్తి కాదు. మాస్టారు ‘వ్యాప్తి జాడ వేరు’ అని ఉంటే పాఠమే తప్పవుతుంది. రెండో వరుసలో పిల్లలు రెండు కొసలకీ చీలిపోయారు. ఆ క్లాసుకి ఒకే పాఠం సరిపోదు, నాకు అనుభవం.

డల్లాస్‌తెలుగు:
ఆ 35.8ని మా నాన్నగారు క్రమవిచలనం అనేవారు, నేను చదివిన పుస్తకంలో ప్రామాణిక విచలనం. క్రమభిన్నం, క్రమ బహుభుజి, క్రమగుణితం, అన్నింట్లో ‘క్రమ’ ఒక్కో అర్థంతో ఉంటుంది. గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 1893లో ‘స్టాండర్డ్ డీవియేషన్’ అని పేరు పెట్టినప్పుడు ‘స్టాండర్డ్’ అన్నది కొలబద్ద అన్న అర్థంలోనే అని నా నమ్మకం. అందుకే ‘ప్రామాణిక’కే నా మొగ్గు. ‘విస్తృతి’కి (వర్గమూలం తీయకముందు వచ్చిన 640, 1280 అవే) మూలమైన ‘వేరియన్స్’ ఇంకా తర్వాతది, 1918లో మరో గణాంకవేత్త ఫిషర్ పెట్టిన పేరు.

పాలమూరు:
పియర్సన్‌ని కాసేపు పక్కన పెడదాం. వేమన ‘వేరు’ అన్నది జాతిభేదం. ఉప్పు ఉప్పే, కప్పురం కప్పురమే. మార్కుల్లో ఉన్నది ఒకే జాతిలో ఎడం. మాస్టారు ఆ తేడా తెలిసే ‘రుచుల’ తీసేశారనిపిస్తుంది.

ఆటవెలదిప్రియ:
వేమన దగ్గర బరువంతా ‘చూడ చూడ’ మీదే ఉంది. ఒకసారి చూస్తే పోలిక, మళ్ళీ చూస్తే తేడా. సగటు మొదటి ‘చూడ’, విచలనం రెండో ‘చూడ’. ఇంత చక్కగా అమరినచోట ‘విరివి’ కూడా నగణమేనని గమనించండి.

గోదారిగట్టు:
విరివి! అవునేమో… మాస్టారు ‘వి’ నొక్కి పలికినట్టు చెవిలో ఉంది. కానీ అందుకే మొదట విస్తృతి అనుకున్నాను. నోటుబుక్కు అమ్మ దగ్గర ట్రంకుపెట్టెలో ఉండాలి. పండక్కి వెళ్ళినప్పుడు తీస్తాను.

పాలమూరు:
తీయండి. రెండో వరుసలో 90 ఒకటా రెండా, అది కూడా చూడండి. ‘డ’ మాత్రం గురువే.