వీలునామాలో కంటి ఆసుపత్రికి వాటా రాయాలి, ఈ చిత్తు సరిపోతుందా?

కృష్ణలంక

ఒక దంపతుల తరఫున అడుగుతున్నాను. ఆయనకు 71, ఆమెకు 66. పిల్లలు లేరు. విజయవాడలో ఆయన పేర ఒక ఫ్లాటు, ఇద్దరి పేర్లతో ఎఫ్‌డీలు, ఆయన పేర కొన్ని మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. అంతా స్వార్జితమే. దస్తావేజు లేఖరి ఇచ్చిన చిత్తులో ముఖ్యమైన వాక్యం ఇది:

"నా తదనంతరం నా యావదాస్తి నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఆమె తదనంతరం ఫ్లాటు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి, మిగిలినది కొంత ధర్మకార్యాలకు, కొంత నా తమ్ముని పిల్లలకు చెందవలెను."

ఇది చెల్లుతుందా? రిజిస్టరు చేయిస్తే ఇక దిగులు లేనట్టేనా? పన్నులో ఏమైనా కలిసొస్తుందా?

దస్తావేజు

రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత. ముందు ఆ వాక్యాన్ని పక్కన పెట్టించండి. అందులో కనీసం నాలుగు తప్పులున్నాయి. నేను మొదటిదాని గురించే చెబుతాను, అన్నిటికన్నా పెద్దది అదే.

"సర్వహక్కులతో భార్యకు" అన్నాక "ఆమె తదనంతరం ఫలానావారికి" అనడం కుదరదు. సర్వహక్కులు ఇచ్చాక ఆస్తి ఆమెదే. ఆమె అమ్ముకోవచ్చు, ఇంకొకరికి రాసివ్వచ్చు. తర్వాతి మాట మొదటిదానికి విరుద్ధం కాబట్టి కోర్టులు సాధారణంగా దాన్ని పక్కన పెడతాయి. ఆమె విడిగా వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లలు లేని స్త్రీ ఆస్తి భర్త వారసులకు వెళ్తుంది. అంటే ఇక్కడ మరిదికి, ఆయన లేకపోతే ఆయన పిల్లలకు. ఆసుపత్రికి రూపాయి కూడా రాదు. ఆమె సొంత సంపాదన కూడా ఆ దారినే పోతుంది, ఆమె పుట్టింటివాళ్లకు కాదు. ఇది చాలామందికి తెలియదు.

"అయితే జీవితాంతం అనుభవించే హక్కు మాత్రమే భార్యకు, తర్వాత ఆసుపత్రికి" అని మారుద్దామా అంటారు. అక్కడ ఇంకో గొయ్యి ఉంది. భార్యకు భరణంగా దక్కిన పరిమిత హక్కు అదే చట్టం 14(1) కింద సంపూర్ణ హక్కు అవుతుందని 1977లో సుప్రీంకోర్టు తులశమ్మ కేసులో చెప్పింది. వీలునామా ద్వారా ఇచ్చిన జీవితకాలపు హక్కుకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద తీర్పులు రెండు రకాలుగా వచ్చాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చిక్కును పెద్ద ధర్మాసనానికి పంపింది. మీ ఆసుపత్రి వాటాను ఆ వివాదం మీద వేలాడదీయకండి.

కుదిరే దారి ఇది. ఇద్దరూ విడివిడిగా రెండు వీలునామాలు రాయాలి, ఒకే కాగితం మీద ఉమ్మడిగా వద్దు. ఆయనది: "నా మరణ సమయానికి నా భార్య జీవించి ఉంటే అంతా ఆమెకు సర్వహక్కులతో, ఆమె అప్పటికే లేకపోతే ఈ కింది విధంగా" అని ఆసుపత్రి వాటా, పిల్లల వాటా. ఆమెది సరిగ్గా దీనికి అద్దం. మిగిలిన వ్యక్తి తర్వాత మనసు మార్చుకోవచ్చు, లేదా చుట్టాలు మార్పించవచ్చు. ఆ భయం ఉంటే కొంత మొత్తం మొదటి వ్యక్తి పోయినప్పుడే ఆసుపత్రికి చేరేలా రాయాలి. మిగిలినవాళ్లకు పూర్తి స్వేచ్ఛ, ఆసుపత్రికి పక్కా హామీ, రెండూ కావాలంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

పద్దుపుస్తకం

మిగతా మూడు తప్పులు నేను చెబుతాను. ట్రస్టుల లెక్కల వైపు నుంచి చూస్తే ఎక్కువ వీలునామాలు ఆగిపోయేది వీటి దగ్గరే.

మొదటిది పేరు. జనం పిలిచే పేరు వేరు, చట్టం దృష్టిలో ఆస్తి తీసుకునే సంస్థ వేరు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వెనకున్న సంస్థ పేరు హైదరాబాద్ ఐ ఇన్‌స్టిట్యూట్. చెన్నై శంకర నేత్రాలయది మెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్. మదురై అరవింద్ ఆసుపత్రిది గోవెల్ ట్రస్టు. వీలునామాలో ఈ అసలు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్, చిరునామా నాలుగూ ఉండాలి. సంస్థకు ఉత్తరం రాస్తే వాళ్లే పంపుతారు. ఆదాయపు పన్ను చట్టం కింద సేవా సంస్థగా నమోదైన కాగితం (1961 చట్టంలో 12ఏబీ) కూడా అడగండి, దానికి గడువు ఉంటుంది కాబట్టి అది ఇంకా నడుస్తోందో లేదో చూడండి. విజయవాడలోనే ఖర్చు పెట్టాలనుకుంటే "వీలైనంతవరకు విజయవాడ కేంద్రంలోని పేద రోగుల చికిత్సకు" అని కోరికగా రాయండి, షరతుగా కాదు. "ఫలానా వార్డులో మా పేరుతో మంచం" అని షరతు పెడితే, పాతికేళ్ల తర్వాత ఆ వార్డే లేకపోతే డబ్బు ఏమవుతుందన్న ప్రశ్న కోర్టుకు వెళ్తుంది.

రెండోది "ధర్మకార్యాలకు" అన్న మాట. వినడానికి బాగుంటుంది కానీ చట్టంలో నిలవదు. వట్టి "ధర్మానికి" అని రాసిన దానం అస్పష్టం, అందుకే చెల్లదని బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ 1899లోనే తేల్చింది. వీలునామాలకు వర్తించే భారత వారసత్వ చట్టం (పైన చెప్పిన హిందూ వారసత్వ చట్టం కాదు) 89వ సెక్షన్ కూడా ఉద్దేశం స్పష్టంగా లేని దానం చెల్లదనే అంటుంది. "కొంత" కూడా అంతే. ఎంత?

మూడోది ఫ్లాటు. నిజం చెప్పాలంటే ఊరవతల ఫ్లాటు వచ్చి పడితే ట్రస్టుకు సంబరం కన్నా తలనొప్పే ఎక్కువ. అద్దెదారుడు ఖాళీ చేయడు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ బకాయి ఉంటుంది, లింకు డాక్యుమెంటు దొరకదు. ఫ్లాటులో పదో వంతు రాస్తే ఇంకా ఘోరం. తక్కిన వాటాదార్లు సంతకం పెట్టేదాకా అమ్మలేరు. పైగా వీలునామా రాశాక ఆయనే ఫ్లాటు అమ్మేస్తే ఆ దానం రద్దయినట్టే, అమ్మగా వచ్చిన డబ్బు మీద ఆసుపత్రికి హక్కు రాదు.

అందుకే వస్తువు కాకుండా శాతం రాయాలి. చిత్తు ఇలా ఉండొచ్చు (ఎగ్జిక్యూటరు అంటే వీలునామాను అమలు చేసే మనిషి):

"నా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు, ఈ వీలునామా అమలు ఖర్చులు పోగా మిగిలిన నా సమస్త స్థిర చరాస్తులను నా ఎగ్జిక్యూటరు అమ్మి సొమ్ము చేసి, అందులో నూటికి ఇరవై వంతులు ఫలానా సంస్థకు (రిజిస్ట్రేషన్ నంబరు, పాన్), తక్కినది ఫలానా ఫలానావారికి సమానంగా చెల్లించవలెను. ఆ సంస్థ అప్పటికి మరో సంస్థలో విలీనమై ఉంటే ఆ సంస్థకు, మూతబడి ఉంటే అదే ఆశయంతో నడిచే, ఎగ్జిక్యూటరు ఎంచుకున్న నమోదిత సంస్థకు ఇవ్వవలెను. సంస్థ తరఫున అధీకృత వ్యక్తి ఇచ్చే రశీదు ఎగ్జిక్యూటరుకు పూర్తి విడుదల."

"అమ్మి" అన్న అధికారం మరిచిపోకండి. ఆ మాట లేకపోతే ఫ్లాటు కొనేవాడి లాయరు వారసులందరి సంతకాలు తెమ్మంటాడు. ఇరవై శాతమా, పదా అన్నది వాళ్లిష్టం. "అయిదు లక్షలు" అని అంకె వేస్తే మాత్రం రెండు ముప్పులున్నాయి. ఇరవై ఏళ్లలో దాని విలువ కరిగిపోతుంది. లేదా ఆసుపత్రి ఖర్చులకు ఆస్తి తరిగిపోయి, ఆ అయిదు లక్షలు పోగా అయినవాళ్లకు ఏమీ మిగలదు.

కృష్ణలంక

చాలా కృతజ్ఞతలు. రెండు సందేహాలు. ఎఫ్‌డీలకు, ఫండ్లకు నామినీగా తమ్ముడి కొడుకు పేరు ఉంది. వీలునామా దాన్ని దాటుతుందా? సాక్షులుగా ఆసుపత్రివాళ్లనే పెట్టుకోవచ్చా?

కోర్టుమెట్లు

నామినీ యజమాని కాదు, డబ్బు అందుకునే ధర్మకర్త మాత్రమే. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో, షేర్ల విషయంలో 2023లో శక్తి యెజ్దానీ కేసులో ఇదే చెప్పింది. (బీమాకు 2015 సవరణ తర్వాత ఒక మినహాయింపు వచ్చింది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదే.) అయితే చట్టం ఒకటి, బ్యాంకు కౌంటరు ఒకటి. బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ఆ కుర్రాడు ఆసుపత్రికి ఇవ్వనంటే ట్రస్టు దావా వేయాలి. ఇంటివాళ్ల మీద దావా వేయడానికి ఏ ట్రస్టూ ఉత్సాహపడదు. కాబట్టి ఎగ్జిక్యూటరు ఎవరో, ఆసుపత్రికి వాటా చేరాల్సిన ఖాతాలకు నామినీ కూడా వాళ్లనే పెట్టండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు.

సాక్షులుగా ఆసుపత్రివాళ్లు వద్దే వద్దు. లబ్ధి పొందేవాళ్లు వీలునామా రాయించడంలో చేయి పెడితే అది "అనుమానాస్పద పరిస్థితి" అవుతుంది. 1958లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచి ఇప్పటిదాకా కోర్టులు పట్టుకునేది ఇదే. ఆ అనుమానం తీర్చే భారం వీలునామా చూపించేవాళ్ల మీదే పడుతుంది. ట్రస్టు తమ కాగితాలు పంపాలి, అంతవరకే. రాయించే లాయరు ఆ దంపతుల మనిషి అయి ఉండాలి, ఫీజు కూడా వాళ్లే ఇవ్వాలి.

భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకం పెట్టడం ఇద్దరూ చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన ఇద్దరికీ స్వయంగా చెప్పాలి. వాళ్లిద్దరూ ఆయన ఎదుట సంతకం చేయాలి. ముగ్గురూ ఒకే సమయంలో కూర్చోనక్కర లేదు కానీ కూర్చుంటేనే మంచిది. తర్వాత కోర్టులో నిరూపించాల్సి వస్తే, భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) 67వ సెక్షన్ కింద సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి చెప్పాలి. కాబట్టి ఆయన ఈడు స్నేహితులను పెట్టకండి. నలభై ఏళ్ల లోపువాళ్లు, ఊళ్లో దొరికేవాళ్లు కావాలి. ఒకరు ఆయనను చూసే డాక్టరైతే మరీ మంచిది, అదే రోజు తేదీతో మానసిక స్థితి బాగుందని సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు కాగితమూ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. అయినా ఆస్తిలో కొంత బయటి సంస్థకు వెళ్తున్నప్పుడు రిజిస్టరు చేయించండి. "దొంగ వీలునామా" అనే వాదన అక్కడే బలహీనపడుతుంది. కదల్లేని స్థితి అయితే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికి వచ్చి చేసే వీలుంది. ఆయన బతికుండగా నకలు ఆయనకు, ఆయన అధికారమిచ్చిన ఏజెంటుకు తప్ప ఎవరికీ ఇవ్వరు. కానీ రిజిస్ట్రేషన్ లోపల రాసిన తప్పును సరిచేయదు. మీ చిత్తును రిజిస్టరు చేయిస్తే, రిజిస్టరైన తప్పుడు చిత్తు మిగులుతుంది.

మార్పులకు పెన్నుతో కొట్టివేతలు వద్దు. చిన్న మార్పుకు కోడిసిల్ (వీలునామాకు అనుబంధ పత్రం, దానికీ ఇద్దరు సాక్షులు ఉండాల్సిందే), పెద్దదైతే కొత్త వీలునామా. అసలు ప్రతిని సొంత బ్యాంకు లాకరులో దాచకండి, ఆయన పోయాక ఆ లాకరు తెరవడానికే వీలునామా అడిగే పరిస్థితి వస్తుంది. ఎగ్జిక్యూటరు దగ్గర ఉంచండి. ఎగ్జిక్యూటరుకు ప్రత్యామ్నాయంగా ఇంకొకరి పేరు రాయండి, అరవై దాటినవాళ్లయితే తప్పకుండా.

పద్దుపుస్తకం

పన్ను ప్రశ్న మిగిలిపోయింది. ఏమీ కలిసిరాదు. విరాళాల మీద పన్ను మినహాయింపు (1961 చట్టంలో 80జీ) బతికుండగా ఇచ్చినదానికే. మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది కాబట్టి, అమెరికాలోలా ఆసుపత్రికి రాస్తే ఎస్టేట్ పన్ను తగ్గే లెక్క ఇక్కడ లేదు. పన్ను కోసమే అయితే ఇప్పుడే చెక్కు రాయమనండి.

పడమటిగాలి

విదేశాల్లో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక ముక్క. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ మూలం కిందికే వస్తారు. అప్పుడు ఆ ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం కింద ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే ముందు చేరాలి. రిజిస్ట్రేషన్ రద్దయితే డబ్బు ఆగిపోతుంది కాబట్టి పైన చెప్పిన ప్రత్యామ్నాయ సంస్థ వాక్యం మీకు మరీ అవసరం.

కోర్టుమెట్లు

మతం సంగతి కూడా చూసుకోండి. ముస్లింలు అప్పులు, ఖర్చులు పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి వీలునామాతో ఇవ్వాలంటే వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులకు దగ్గరి బంధువులుంటే, దానధర్మాలకు ఇవ్వాలంటే చనిపోవడానికి ఏడాది ముందే వీలునామా రాసి ఉండాలనే భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్ ఆంక్ష ఉండేది. దాన్ని 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పటికీ కొందరు లేఖరులు అది ఉందనే చెబుతుంటారు.

దస్తావేజు

కంటి ఆసుపత్రి అన్నారు కాబట్టి ఇంకొకటి. కళ్లు ఇవ్వాలన్న కోరిక కూడా ఉంటే అది వీలునామాలో రాసి లాభం లేదు. కళ్లు ఆరు గంటల్లోపు తీయాలి. వీలునామా బయటికి తీసేది పదకొండో రోజు తర్వాతే కదా. ఆ మాట ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి, ఐ బ్యాంకు నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించమనండి.