తీగ మీద ఎక్కిదిగే సముద్ర యంత్రానికి బ్యాటరీ ఎలా సరిపోతుంది?

హన్మకొండ_కుర్రాడు: మనకు సముద్రమంటే వైజాగ్ ట్రిప్పే కదా. లంగరేసిన తీగ మీద ఒక పరికరం నెలల తరబడి దానంతటదే పైకీ కిందికీ తిరుగుతుందట, అంత బ్యాటరీ ఎక్కడిది అన్నా?

కాజీపేట_జంక్షన్: తాటిచెట్టు ఎక్కే గౌడన్నను గుర్తుచేసుకో తమ్మీ, కాకపోతే దీనికి బరువుండదు. నీళ్లలో తేలకుండా, మునగకుండా ముందే తూకం సరిచేసి దింపుతారు, అందుకే చిన్న మోటారు తీగను పట్టుకున్న చక్రాన్ని తిప్పితే చాలు. సెకనుకు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే 1000 మీటర్లకు గంటకు పైనే. దారిలో ఉష్ణోగ్రత, ఉప్పదనం, లోతు, ప్రవాహం కొలుస్తుంది, చివర ఆగి మళ్లీ టైమయ్యేదాకా నిద్రపోతుంది. అసలు పొదుపు అక్కడే.

హన్మకొండ_కుర్రాడు: మధ్యలో ఇరుక్కుంటే?

కాజీపేట_జంక్షన్: మోటారు తిరుగుతున్నా పీడనం మారట్లేదంటే ఇరుక్కున్నట్టే. కాస్త వెనక్కి జరిగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

రామప్ప_రాయి: దీన్ని ఆర్గో ఫ్లోట్‌తో కలపకండి. అది తీగ లేకుండా కొట్టుకుపోతూ దాదాపు 10 రోజులకోసారి 2000 మీటర్ల నుంచి పైకొచ్చి ఉపగ్రహానికి డేటా పంపుతుంది, మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలాంటివీ చూస్తుంది. తీగ మీదిదైతే చాలాసార్లు ఓడ వచ్చి శబ్ద సంకేతంతో లంగరు విప్పించి పైకి తీసేదాకా డేటా దాని కడుపులోనే. నాకైతే ఆ రోజు టెన్షన్ తలుచుకుంటేనే చెమట!