పుష్కరాల భద్రత: ఉగ్రవాద భయానికి ఎంత వరకు పోవాలి?

లంకవాసి:
2027లో గోదావరి పుష్కరాలు. కెమెరాలు, డ్రోన్లు, ముఖాలు గుర్తుపట్టే యంత్రాలు అని అప్పుడే మాటలు మొదలయ్యాయి. ఉగ్రవాద ముప్పు పేరుతో పెట్టే ఖర్చు, జనం పడే ఇబ్బంది ఆ ముప్పుకి తగ్గట్టు ఉన్నాయా అన్నదే నేను అడిగేది.

మన డెల్టాలో జనం దేనివల్ల పోయారో చూడండి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. 2015 జూలై 14న, పుష్కరాలు మొదలైన రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరులో ఎగువన కచ్చులూరు దగ్గర బోటు మునిగి 50 మంది దాకా పోయారు. ఇందులో ఒక్కటీ ఉగ్రవాదుల పని కాదు. డబ్బు, పోలీసులు, శ్రద్ధ ముందు ఎటు వెళ్లాలి మరి?

మాజీ హెడ్ కానిస్టేబుల్:
లంకవాసి గారూ, ఆ లెక్క అలా వేయకూడదండి. తొక్కిసలాట కావాలని ఎవరూ చేయరు, బాంబు మాత్రం కావాలనే పెడతారు. కాపలా ఎక్కడ తక్కువుందో చూసుకుని మరీ పెడతారు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 40 మందికి పైగా పోయారు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని కాల్చేశారు, వాళ్లలో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు. ఆ మరుసటి నెలే పేలుళ్లకు కుట్ర పన్నారని విజయనగరంలో అరెస్టు జరిగింది. ఇక్కడ ఏమీ జరగలేదు కాబట్టి కాపలా అనవసరం అంటే ఎలాగండి?

ఉప్పాడ తీరం:
మాది వేట కుటుంబం. 2008లో ముంబయిలో 166 మందిని చంపినవాళ్లు సముద్రం మీద నుంచి వచ్చారు, గుజరాత్ చేపల బోటు ఒకటి లాక్కుని. ఆ తర్వాత మాకు బయోమెట్రిక్ కార్డులు, బోట్లకు నంబర్లు, రంగులు వచ్చాయి. వాటి మీద నాకు అభ్యంతరం లేదు. బోటు తిరగబడితే లోపల ఎవరున్నారో తెలిసేది కూడా వాటి వల్లే. కార్డు ఇంట్లో మర్చిపోయినవాడిని దొంగలా నిలబెట్టి మాట్లాడతారు చూడండి, బాధంతా అక్కడే. ముంబయిలో ఆ పదిమంది ఒడ్డుకి దిగినప్పుడు మొదట చూసి, ఎవరు మీరని అడిగింది అక్కడి మత్స్యకారులే. మమ్మల్ని అనుమానంగా చూసే స్టేషన్‌కి మేం రేపు కబురు చెప్పడానికి ఎందుకు వెళ్తాం?

కోనసీమ కోడర్:
2022 మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాయి. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మొదటి రెండు రోజులు నెట్ ఆపారంటే ఒప్పుకుంటాను. కానీ పది రోజులు దాటినా రాలేదు. ఇంటి నుంచి పనిచేసే మేం లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల వెంట తిరిగాం. చిల్లర దుకాణాల్లో ఫోన్ పే లేదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో అని ఒకటే టెన్షన్.

మాజీ హెడ్ కానిస్టేబుల్:
అది శాంతిభద్రతల సమస్య అండి, ఉగ్రవాదం కాదు. రెండూ కలపకండి.

లంకవాసి:
కలిపింది నేను కాదు మాస్టారూ. పెద్ద ముప్పుని చూపించి తెచ్చిన అధికారం తర్వాత చిన్నవాటికీ వాడతారు. ఉగ్రవాదం మీద తెచ్చిన టాడా చట్టం 1985లో వచ్చింది పంజాబ్ పరిస్థితి చూపించి. పదేళ్లకు దాన్ని వదిలేసే నాటికి పంజాబ్‌తో సంబంధం లేని రాష్ట్రాల్లో కూడా వేల మందిని దాని కింద పెట్టారు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో ఎంతోమంది ముస్లిం కుర్రాళ్లని పట్టుకెళ్లారు. వాళ్ల మీద నేరం నిలవలేదు. తర్వాత ప్రభుత్వమే కొందరికి పరిహారం ఇచ్చింది, దాన్ని మళ్లీ హైకోర్టు కొట్టేసింది. ఆ కుర్రాళ్లకి పోయిన చదువులు, ఉద్యోగాలు ఎవరు తిరిగిస్తారు? భద్రతకి అయిన ఖర్చులో నేను దీన్నీ కలుపుతాను.

మీరన్న మాటలో ఒకటి నిజం. ఉగ్రవాది తెలివిగా చోటు వెతుక్కుంటాడు, కాబట్టి చావుల లెక్క ఒక్కటే కొలత కాదు. కానీ అదే నిజమైతే, మన వైపు ఒక పెద్ద రైల్వే స్టేషన్‌లో మెటల్ డిటెక్టర్ గేటు అందరికీ కూత పెడుతుంటే పక్కన కానిస్టేబుల్ లేకపోవడం ఏమిటి? పక్క దారి నుంచి సామాన్లతో జనం లోపలికి పోతూనే ఉంటారు. ఆ గేటు ఎవరినీ ఆపదు, పెట్టాం అని చెప్పుకోవడానికి పనికొస్తుంది. తీరంలో చేసే సాగర్ కవచ్ డ్రిల్లు మాత్రం వేరు. పోలీసులే చొరబాటుదారుల వేషంలో వస్తారు, ఎక్కడ దొరకలేదో చూసుకుంటారు. దానికి ఖర్చుపెడితే నేను నోరెత్తను.

నెట్ ఆపడం గురించి 2020 జనవరిలో సుప్రీంకోర్టు కశ్మీర్ కేసులో చెప్పింది: ఉత్తర్వు బయటపెట్టాలి, అవసరానికి మించి ఆపకూడదు, ఎప్పటికప్పుడు సమీక్షించాలి. పుష్కరాల కెమెరాలకీ ఇదే అడగాలి. ముఖాల ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి, పన్నెండు రోజులయ్యాక చెరిపేస్తారా, తప్పుగా పట్టుకుంటే ఎవరు జవాబు చెప్తారు? ఇవి ముందే రాసిపెట్టాలి.

మాజీ హెడ్ కానిస్టేబుల్:
ఫోటోలు చెరిపేయాలన్నది నాకూ సబబే. కానీ కెమెరాలు వద్దంటే మాత్రం ఒప్పుకోను. మెట్ల మీద జనం ఎక్కడ బిగుసుకుంటున్నారో పైనుంచి కనిపిస్తుంది, కింద నిలబడ్డ కానిస్టేబుల్‌కి కనిపించదు.

లంకవాసి:
ఆ పనికైతే ముఖాలు గుర్తుపట్టక్కర్లేదండీ, తలలు లెక్కపెడితే చాలు. జనం అంతా ఒక్క ఘాట్ మీదే పడకుండా కొవ్వూరు, నరసాపురం, కోటిపల్లి వైపు ఎప్పుడు మళ్లించాలో ఆ లెక్కే చెప్తుంది. ఎంతమంది దాటితే గేటు మూస్తారు, మూయమనే అధికారం ఎవరిది? ఈ రెండూ ఇప్పుడే చెప్పమని కలెక్టర్‌కి అర్జీ పెడదాం. మీరు సంతకం పెడతారా?

మాజీ హెడ్ కానిస్టేబుల్:
పెడతానండి. బాంబు తనిఖీ దళం ఏ ఘాట్‌లో ఎన్ని గంటలుంటుందో కూడా అందులో అడగండి.