ఒటావా సెనేటర్స్ చేతులు మారింది కదా, టీమ్ ఊళ్ళోనే ఉంటుందా?

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) బాగా ఫాలో అయ్యేవాళ్ళు కాస్త చెప్పండి. ఆ లీగ్‌లో కెనడా రాజధాని ఒటావా టీమైన సెనేటర్స్‌ని మైకేల్ ఆండ్లావర్ బృందానికి 95 కోట్ల అమెరికన్ డాలర్లకి అమ్మడానికి 2023 జూన్‌లో ఒప్పందం కుదిరింది. పాత ఓనర్ యూజీన్ మెల్నిక్ 2022 మార్చిలో చనిపోయాక టీమ్ ఆయన కూతుళ్ళ చేతికొచ్చింది. అమ్మకానికి పెట్టినప్పుడే, ఎవరు కొన్నా టీమ్ ఒటావాలోనే ఉండాలని షరతు పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ 2011లో అట్లాంటా థ్రాషర్స్‌ని కొన్నవాళ్ళు నేరుగా విన్నిపెగ్‌కి పట్టుకెళ్ళారు. 1995లో క్యుబెక్ టీమ్ అమ్ముడుపోయి డెన్వర్‌లో తేలింది. అందుకే నా టెన్షన్.

మేముండేది ఒటావా శివారు కనాటాలో, టీమ్ ఆడే అరీనాకి (ఇండోర్ స్టేడియం) దగ్గర్లోనే. మావాడు సెనేటర్స్ ఆటగాడు కచక్ 7వ నంబర్ జెర్సీ ఉతకడానికి కూడా ఇవ్వడు, ఎప్పుడూ దాన్నే తొడుగుతాడు. సీజన్ టికెట్లు తీసుకుందామంటే, "ముందు టీమ్ ఉంటుందో ఊడుతుందో కనుక్కోండి" అంటోంది మా ఆవిడ. న్యాయమే.

ఇలాంటి షరతుకి గడువేమైనా ఉంటుందా? రేపు ఆండ్లావర్ వేరేవాళ్ళకి అమ్మితే వాళ్ళకీ వర్తిస్తుందా? లీగ్ గవర్నర్ల (టీమ్‌ల ఓనర్ల ప్రతినిధులు) ఆమోదం లేకుండా టీమ్‌ని కదపలేరు, కానీ వాళ్ళు గట్టిగా అడ్డుపడతారా?

ఇంకోటి, ఒటావా నడిబొడ్డు దగ్గరి లెబ్రెటన్ ఫ్లాట్స్‌లో కొత్త అరీనా కట్టకపోతే టీమ్‌ని తరలించడానికి అదే సాకు అవుతుందా? 2023 మే నెలలో అరిజోనాలోని టెంపీ నగర ఓటర్లు కొత్త అరీనా వద్దనేసరికి ఇదే లీగ్‌లోని అరిజోనా కయోటీస్ టీమ్ పరిస్థితి అయోమయమైంది. నా లెక్కలో ఓనర్ కంటే అరీనా గొడవే ప్రమాదం. తెలిసినవాళ్ళు చెప్తే టికెట్ల డబ్బు కట్టేస్తాను.