గేమ్ 7, 7వ ఇన్నింగ్స్: మ్యారినర్స్ మునోజ్‌ని ఎందుకు దించలేదు?

రెడ్మండ్_బండి అడిగిన ప్రశ్న:

2025 అక్టోబర్ 20, దీపావళి రాత్రి టొరంటోలో జరిగిన బేస్‌బాల్ ఏఎల్‌సీఎస్ (అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్) గేమ్ 7 గురించి తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. సియాటిల్ మ్యారినర్స్ టొరంటో బ్లూ జేస్ మీద 3–1 పరుగులతో ముందున్నారు. ఇంకో తొమ్మిది ఔట్లు తీస్తే 1977 నుంచి ఆడుతున్న జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్‌కి వెళ్లేది. 7వ ఇన్నింగ్స్‌లో మన పిచర్ (బంతి విసిరేవాడు) బ్రయన్ వూ టొరంటో బ్యాటర్ బార్జర్‌కి వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా ఫస్ట్ బేస్) ఇచ్చాడు. కైనర్-ఫలేఫా సింగిల్ కొట్టాడు. హిమెనెజ్ బంట్ (బంతిని మెల్లగా తట్టడం) వేసి ఇద్దర్నీ 2, 3 బేస్‌లకి జరిపాడు. ఒక ఔట్. అప్పుడు మేనేజర్ డాన్ విల్సన్ ఎడ్వార్డ్ బజార్డోని దించాడు, జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమర్ కొట్టాడు. 4–3. తర్వాత స్కోరు కదల్లేదు.

క్లోజర్ (చివర్లో మ్యాచ్ ముగించే పిచర్) ఆండ్రెస్ మునోజ్ బుల్‌పెన్‌లోనే (తర్వాత దిగే పిచర్లు వేడెక్కే చోటు) ఉన్నాడు కదా. బుమ్రాకి ఓవర్లు మిగిలుండగానే బంతి ఇంకొకరికిచ్చి మ్యాచ్ పోగొట్టుకున్నట్టుంది నాకైతే. క్లోజర్‌ని 9వ ఇన్నింగ్స్‌లోనే దించాలని రూలేమైనా ఉందా? ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నప్పుడు స్ప్రింగర్‌కి కావాలనే వాక్ ఇచ్చేసి ఉండొచ్చు కదా? వచ్చే అక్టోబర్‌లో ఇలాంటి గండం వస్తోందని ముందే పసిగట్టడం ఎలా?

---

స్కోర్‌కార్డు జవాబు:

రూలేమీ లేదు. క్లోజర్‌ని ఏ ఇన్నింగ్స్‌లోనైనా దించొచ్చు. 2020 నుంచి ఉన్న షరతు ఒక్కటే: దిగిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లని ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. మునోజ్‌ని అక్కడ దించితే తర్వాత తీయాల్సిన ఔట్లు ఎనిమిది. ఎనిమిదీ అతనే తీయనక్కర్లేదు. 7వ ఇన్నింగ్స్ ముగించి, ఓపికుంటే 8వది కూడా వేయించి, 9వది ఇంకొకరికి అప్పగించొచ్చు. ఆ రోజు టొరంటో చేసింది అదే. 7వ ఇన్నింగ్స్ స్టార్టర్ (మామూలుగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) కెవిన్ గాస్‌మన్‌కి, 8వది ఇంకో స్టార్టర్ క్రిస్ బాసిట్‌కి, 9వది జెఫ్ హాఫ్‌మన్‌కి. గేమ్ 7 కి రేపు లేదు కాబట్టి పేర్ల పక్కనున్న ఉద్యోగాలు చూడకూడదు.

ఇక బజార్డోని ఎందుకు దించారంటే, అతని సింకర్ అనే బంతికి గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లే షాట్లు) పడతాయి. కుడిచేతి బ్యాటర్‌కి లోపలికి దూసుకొస్తూ కిందికి వంగుతుంది. అయితే ఆ క్షణంలో రన్నర్లు ఎక్కడున్నారో చూడండి. ఒక ఔట్‌తో 1, 2 బేస్‌ల మీద ఉండుంటే గ్రౌండ్ బాల్ అంటే డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు ఔట్లు), ఇన్నింగ్స్ అయిపోయేది. హిమెనెజ్ బంట్ ఆ లెక్కని చెరిపేసింది. 2, 3 మీద రన్నర్లుంటే మామూలు గ్రౌండ్ బాల్‌కి ఫస్ట్‌లో ఒక ఔట్ దొరుకుతుంది, థర్డ్ నుంచి ఒక పరుగు వస్తుంది. 3–2, రెండు ఔట్లు. అది కూడా నష్టమే, ప్రాణం మీదికి వచ్చే నష్టం మాత్రం కాదు. నిజానికి అక్కడ కావాల్సింది స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్). స్ట్రైకౌట్లకి ఆ బుల్‌పెన్‌లో మొదటి పేరు మునోజ్. గంటకి 98 మైళ్లు దాటే ఫాస్ట్‌బాల్, దానికి తోడు పక్కకి వంగే ఆ స్లైడర్. అందుకే బజార్డో ఎంపిక తప్పనే నా అభిప్రాయం. బజార్డో చెడ్డ పిచర్ కాదు, ఆ పరిస్థితి అతని సరుకుకి సరిపోలేదంతే.

కావాలని వాక్ ఇవ్వడం మాత్రం అంత తేలిక కాదు. సెకండ్ మీదున్నవాడు సమం చేసే పరుగు. స్ప్రింగర్‌ని ఫస్ట్‌కి పంపితే గెలిపించే పరుగుని మీ చేత్తో మీరే బేస్ మీద కూర్చోబెట్టినట్టు. డబుల్ ప్లే అవకాశం తిరిగొస్తుంది, నిజమే. కానీ బేస్‌లు నిండాయి కాబట్టి ఇంకో వాక్ పడితే ఊరికే పరుగు. పైగా ఇంకొక్క బ్యాటర్ దాటితే వచ్చేది వ్లాదిమిర్ గెరెరో జూనియర్. ఆ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే కదా.

---

ఎడమచేతి_వాటం జవాబు:

స్కోర్‌కార్డు గారు చెప్పిన లెక్క సరైనదే గానీ తప్పు అంతకంటే ముందే జరిగింది. వూ మొత్తం సీజన్ స్టార్టర్. సెప్టెంబర్‌లో ఛాతీ కండరం దెబ్బతిని పక్కన కూర్చుని, గేమ్ 5కి గానీ తిరిగి రాలేదు. గేమ్ 7లో 5, 6 ఇన్నింగ్స్ చక్కగా వేశాడు. వరుసగా మూడో ఇన్నింగ్స్‌కి మళ్లీ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎక్కించడమే సాహసం. 7వ ఇన్నింగ్స్‌లో రావాల్సిన వరుస చూడండి: బార్జర్, కైనర్-ఫలేఫా, హిమెనెజ్, ఆ తర్వాత స్ప్రింగర్. ముగ్గుర్నీ వరుసగా ఔట్ చేస్తే స్ప్రింగర్ రాడు. ఒక్కడు బేస్ ఎక్కినా వస్తాడు. అంటే మొదటి బ్యాటర్‌కి వాక్ పడగానే స్ప్రింగర్ రావడం దాదాపు ఖాయం. మునోజ్ చేతిలో బంతి పెట్టి వేడెక్కించాల్సింది అప్పుడు. బుల్‌పెన్‌లో పూర్తిగా సిద్ధమవ్వాలంటే సాధారణంగా 15–25 బంతులు కావాలి. ప్రమాదం గుమ్మంలోకి వచ్చాక ఫోన్ తీస్తే సమయం చాలదు.

ఇంకోటి. అందరూ ఆ ఒక్క బంతి మీదే పడి ఏడుస్తున్నారు. సిరీస్ అసలు గేమ్ 6లో పోయింది. 3, 4, 5 ఇన్నింగ్స్‌లలో వరుసగా మూడు డబుల్ ప్లేలు. అందులో రెండుసార్లు బేస్‌లు నిండి ఉన్నాయి. 3వ ఇన్నింగ్స్‌లో కొట్టింది కాల్ రాలీ, 4వ ఇన్నింగ్స్‌లో జె.పి. క్రాఫోర్డ్. టొరంటో పిచర్ ట్రే యెసావేజ్ స్ప్లిటర్ కిందికి పడిపోతుంటే దాని పైభాగాన్ని తట్టి నేల మీదికి కొట్టారు. దానికి తోడు ఫీల్డింగ్‌లో మూడు ఎర్రర్లు. 6–2 ఓటమి. అంతకుముందు సొంత మైదానంలో గేమ్ 3 13–4, గేమ్ 4 8–2 తేడాతో వదిలేశారు. టొరంటో వెళ్లి మొదటి రెండూ గెలిచి వచ్చిన జట్టు!

గేమ్ 7 మొదటి ఇన్నింగ్స్ కూడా మళ్లీ చూడండి. మ్యారినర్స్ బ్యాటర్ నేలర్ సింగిల్‌తో ఒక పరుగు వచ్చింది. ఆ తర్వాత పొలాంకో గ్రౌండ్ బాల్ కొడితే, సెకండ్‌కి పరిగెడుతున్న నేలర్ గాల్లోకి ఎగిరాడు, ఫస్ట్‌కి విసిరిన బంతి అతని హెల్మెట్‌కి తగిలింది. అప్పటికే ఔటైన రన్నర్ త్రోకి అడ్డుపడ్డాడని అంపైర్ భావిస్తే బ్యాటర్ కూడా ఔట్. ఇన్నింగ్స్ అక్కడే ముగిసింది. ఒక్క పరుగు తేడాతో ఓడిన మ్యాచ్‌లో ఇలాంటివే ఎక్కువ కడుపు మండిస్తాయి.

---

రెడ్మండ్_బండి:

ఇద్దరికీ థాంక్స్ అన్నా. ఆ బంట్ వల్ల డబుల్ ప్లే పోయిందన్న కోణం టీవీ చూస్తున్నప్పుడు తట్టదు. ముందే పసిగట్టే పద్ధతి కూడా చెప్పండి, కాగితం పెన్ను పట్టుకుని కూర్చుంటే ఏమేం రాసుకోవాలి?

---

స్కోర్‌కార్డు జవాబు:

కాగితం మీద రెండు గడులు గీస్తే చాలు. మొదటిది స్టార్టర్‌కి. ఎదుర్కొన్న బ్యాటర్లని లెక్కపెట్టండి. 18 మంది అయ్యారంటే తొమ్మిది మంది బ్యాటింగ్ వరుస రెండుసార్లు తిరిగింది. 19వ బ్యాటర్ నుంచి మూడో చుట్టు. ఒకే పిచర్‌ని మూడోసారి చూసేటప్పటికి బ్యాటర్లకి అతని విడుదల, వంపు అలవాటైపోతాయి. అందుకే ప్లేఆఫ్స్‌లో మేనేజర్లు అక్కడ కత్తెర వేస్తారు. గేమ్ 7లో జార్జ్ కర్బీని నాలుగు ఇన్నింగ్స్‌కే తీసేశారంటే ఆశ్చర్యం లేదు.

రెండో గడి బుల్‌పెన్‌కి. ఒక్కో రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచర్) పేరు పక్కన గత మూడు రోజుల్లో ఎన్నేసి బంతులు వేశాడో రాయండి. నిన్న 25 దాటితే ఈరోజు అనుమానమే. వరుసగా రెండు రోజులు వేస్తే మూడో రోజు వేగం తగ్గే ప్రమాదం ఎక్కువ. ఏఎల్‌సీఎస్‌లో 2-3-2 పద్ధతి (రెండు ఒక ఊళ్లో, మూడు రెండో ఊళ్లో, మళ్లీ రెండు మొదటి ఊళ్లో) కాబట్టి ప్రయాణ విరామాలు గేమ్ 2, గేమ్ 5 తర్వాతే వస్తాయి. 3, 4, 5 వరుసగా మూడు రోజులు. బుల్‌పెన్ నలిగేది అక్కడే.

ప్రతి ఇన్నింగ్స్ మొదలయ్యే ముందు అవతలి జట్టులో ఎవరితో మొదలవుతుందో చూసి, మొదటి ముగ్గురు ప్రమాదకరమైన బ్యాటర్లు ఎంతమంది తర్వాత వస్తారో లెక్కేయండి. ఆ గుంపు 7వ ఇన్నింగ్స్‌లో వస్తుంటే మీ జట్టు అత్యుత్తమ రిలీవర్ కూడా 7వ ఇన్నింగ్స్‌లోనే కదలాలి. కెమెరా బుల్‌పెన్ చూపించినప్పుడు అక్కడ తప్పుడు మనిషి వేడెక్కుతుంటే గుండె గట్టి చేసుకోండి.

స్టార్టర్లు బుల్‌పెన్ నుంచి వస్తే మర్నాటి లెక్క కూడా మారుతుంది. టైగర్స్ మీద ఏఎల్‌డీఎస్ (ఏఎల్‌సీఎస్‌కి ముందు సిరీస్) గేమ్ 5 అక్టోబర్ 10న 15 ఇన్నింగ్స్ నడిచింది. ప్లేఆఫ్స్‌లో పదో ఇన్నింగ్స్ నుంచి సెకండ్ మీద ఉచిత రన్నర్‌ని పెట్టే రూలు ఉండదు కాబట్టి ఆట అలా సాగుతూనే ఉంటుంది. లోగన్ గిల్బర్ట్, లూయిస్ కాస్టిలో ఇద్దరూ రిలీఫ్‌లో వేయాల్సి వచ్చింది. పొలాంకో సింగిల్‌తో 3–2 గెలుపు, ఊరంతా సంబరం. రెండు రోజుల్లో టొరంటోలో గేమ్ 1. ఆ అప్పు తర్వాతి సిరీస్‌లో తీర్చాల్సొచ్చింది.

---

పాత_కింగ్‌డోమ్ జవాబు:

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా లెక్క ఉంది తమ్ముడూ. ఒక్కో మ్యాచ్‌లో గెలిచే అవకాశం 55 శాతం ఉన్న మంచి జట్టు అనుకుందాం. మూడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం దాదాపు 57 శాతం, ఐదు మ్యాచ్‌లది 59, ఏడు మ్యాచ్‌లది 61. సిరీస్ పొడుగైనా పెద్దగా పెరగదు. బై దొరికి (మొదటి రౌండ్ ఆడకుండానే ముందుకెళ్లి) మూడు సిరీస్‌లు ఆడితే కప్పు వచ్చేది దాదాపు 22 శాతం. వైల్డ్ కార్డ్ (మొదటి రౌండ్) నుంచి నాలుగు గెలవాలంటే 13 శాతం లోపే. అందుకే సెప్టెంబర్‌లో డివిజన్ గెలిచి మొదటి రెండు సీడ్‌లలో ఉండటం అంత ముఖ్యం. 2025లో 90 గెలుపులతో రెండో సీడ్ వచ్చింది. 94 గెలుపుల టొరంటో మొదటి సీడ్. గేమ్ 7 టొరంటోలో పడింది ఆ తేడా వల్లే.

2001లో 162 మ్యాచ్‌లలో 116 గెలిచి, యాంకీస్ చేతిలో 4–1 తేడాతో ఏఎల్‌సీఎస్ ఓడిన జట్టు ఇది. 1995, 2000, 2001, 2025, నాలుగుసార్లు ఆ మెట్టు దగ్గరే ఆగింది. ఇప్పటివరకూ వరల్డ్ సిరీస్ ఆడని జట్టు లీగ్‌లో ఇదొక్కటే. 2022లో ఆస్ట్రోస్ మీద గేమ్ 3 పదిహేడు ఇన్నింగ్స్ 0–0గా నడిచి 18వ ఇన్నింగ్స్‌లో హెరెమీ పెన్యా హోమర్‌తో 1–0. ఆ వారం ముందే టొరంటోలో 8–1 వెనకబడి 10–9 గెలిచారు. ఆ రోజు అక్కడి అభిమానులూ ఇలాగే నెత్తి కొట్టుకున్నారు. గెలిచిన సిరీస్‌లు మనం తొందరగా మర్చిపోతాం.

నన్ను వేధించేది స్ప్రింగర్ బంతి కాదు. 9వ ఇన్నింగ్స్‌లో హాఫ్‌మన్ ముగ్గుర్నీ స్ట్రైకౌట్ చేసేశాడు. ఆఖరి ఔట్ హూలియో రోడ్రిగెజ్. ఆ సీజన్‌లో 60 హోమర్లు కొట్టిన కాల్ రాలీ ఆన్-డెక్ వలయంలో (తర్వాతి బ్యాటర్ ఎదురుచూసే చోటు) బ్యాట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క వాక్ పడినా అతనికి అవకాశం వచ్చేది.

---

మల్కాజ్‌గిరి_మార్నింగ్ జవాబు:

ఇండియాలో చూసేవాళ్లకి ఒక మాట. సియాటిల్ సాయంత్రం 5:08 అంటే మనకి మర్నాడు ఉదయం 5:38. గేమ్ 7 మనకి 21వ తేదీ పొద్దున. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి జరిగితే మనకి ఇంకో గంట ఆలస్యం. ఆఫీసు క్యాబ్ 8:30కి అయితే మామూలు 9 ఇన్నింగ్స్ మ్యాచ్ చివరికొచ్చేదాకా చూడొచ్చు. 15 ఇన్నింగ్స్ అయితే సెలవు పెట్టుకోవాల్సిందే.

---

ఎడమచేతి_వాటం:

బండి గారూ, 2026 నుంచి మీ కాగితం మీద ఇంకో గడి కూడా గీయండి. బంతి స్ట్రైకా బాలా అన్నదాని మీద ఒక్కో జట్టుకి రెండు ఛాలెంజ్‌లు ఉంటాయి, ప్లేఆఫ్స్‌లో కూడా. అడగాల్సింది బ్యాటర్, పిచర్, క్యాచర్ మాత్రమే, వెంటనే టోపీ తట్టి. డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి సైగలు చెల్లవు. నెగ్గితే ఛాలెంజ్ మిగులుతుంది, ఓడితే పోతుంది. 2వ ఇన్నింగ్స్‌లో ఆవేశపడి రెండూ తగలేసుకుంటే 7వ ఇన్నింగ్స్‌లో రన్నర్లు 2, 3 మీద ఉన్నప్పుడు చేతిలో ఏమీ ఉండదు. రాలీ లాంటి క్యాచర్ గ్లవ్ కదిపి అంచు బంతుల్ని స్ట్రైకులుగా చూపించే నేర్పు విలువ కూడా కొంత తగ్గుతుంది. ఎన్ని మిగిలాయో ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కీ రాసుకోండి.